ఫిల్టర్ కింది బకెట్

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. కోపం ఉండి కాదు, మర్యాద కొద్దీ. ఆవిడ పెరిగిన ఇంట్లో అల్లుడి ఎదురుగా అత్తగారు కుర్చీలో కూర్చోదు, పేరు పెట్టి పిలవదు. చెప్పక తప్పని మాట ఏదైనా ఉంటే పక్కనున్న మనిషికి చెబుతుంది. పక్కన మనిషి లేకపోతే గోడకు చెబుతుంది. ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో మా ఫ్లాట్‌కు వచ్చాక ఆ గోడ స్థానం ఫ్రిజ్‌కు దక్కింది. నేను హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే, ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ తలుపు వైపు తిరిగి, "పెరుగు తోడుకోనుండాది. ఎవురన్నా తింటే తినొచ్చు" అనేవారు. ఆ ఎవురన్నా నేనే. నేనూ తక్కువేం కాదు. తల ఎత్తకుండా, "ఎవరికైనా ఇప్పుడు ఆకలిగా లేదు" అని జవాబిచ్చేవాణ్ణి. పెళ్లయి ఆరేళ్లయినా మా ఇద్దరి మధ్యా ఇదే వరస. నా భార్య మా ఇద్దర్నీ చూసి నవ్వుకునేది.

ఆవిడ ఢిల్లీ వచ్చింది మా పాప కోసం. పాపకు ఐదు నెలలు నిండేసరికి నా భార్య సెలవు అయిపోయింది. తన ఆఫీసు నోయిడాలో, నాది సాకేత్‌లో. క్రెష్‌లో వేద్దామా, ఆయాను పెట్టుకుందామా అని మేమిద్దరం నెల రోజులు తర్జనభర్జన పడుతుంటే, ఆవిడ అనంతపురం వైపునున్న తమ ఊరి నుంచి రెండు సంచులతో రైలెక్కేశారు. ఒక సంచిలో బట్టలు. రెండోదాంట్లో సున్నిపిండి, ఆముదం, వాము, సాంబ్రాణి.

పిల్లలకు నీళ్లు పోయడంలో ఆవిడకు వాళ్ల వీధిలో పెద్ద పేరుండేదట. బాత్రూంలో చిన్న పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకునేవారు. నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, చెంబుతో నీళ్లు ధారగా పోస్తుంటే పాప మొదట కాసేపు మూడంతస్తుల వరకూ వినపడేలా ఏడ్చేది. తర్వాత ఆ వేడికి, ఆ చేతి ఒరిపిడికి మత్తుగా సోలిపోయేది. తల ఆరబెట్టి సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడితే ఇక మధ్యాహ్నం దాకా లేచేది కాదు. "మా అమ్మ చేతి చలవ అలాంటిది" అని నా భార్య గర్వంగా చెప్పుకునేది. చేతి చలవ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు గానీ, నిద్రపోతున్న పసిపిల్ల కళ్లెదుట ఉంటే ఎవరు మాత్రం వాదిస్తారు.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి. మా సొసైటీకి వచ్చేవి బోరు నీళ్లు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటాయి, వాటిలో ఉన్న మంచి గుణం అదొక్కటే. కుళాయి మూతుల చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది. షవర్ కన్నాలు సగం పూడిపోయి, కింద మనం నిలబడితే నీళ్లు వెళ్లి గోడకు స్నానం చేయిస్తాయి. సబ్బు రుద్దినకొద్దీ జిడ్డు తేలుతుంది తప్ప నురగ రాదు. స్టీలు గ్లాసులు కడిగి బోర్లిస్తే ఆరేసరికి చుక్కల చీర కట్టుకుని కూర్చుంటాయి. గీజర్ బాగు చేయడానికి వచ్చినవాడు లోపలి రాడ్డు బయటకు తీస్తే, సున్నం కొట్టిన కర్రలా ఉంటుంది. సొసైటీ వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలకంటే నీళ్ల మీద తిట్లే ఎక్కువ.

అందుకని అందరి ఇళ్లలోలాగే మా వంటింట్లోనూ గోడకు ఒక ఫిల్టర్ ఉంది. దానికి రెండు గొట్టాలు. ఒక గొట్టం మంచినీళ్లను పైనున్న తొట్టిలోకి పంపుతుంది. రెండో గొట్టం, వడకట్టగా మిగిలిన ఉప్పునంతా మోసుకొచ్చే నీళ్లను సింకులోకి వదిలేస్తుంది. అన్నాళ్లూ ఆ రెండో గొట్టం ఒకటుందని కూడా మేము పట్టించుకోలేదు.

అత్తగారు వచ్చిన మూడో రోజే దాన్ని కనిపెట్టారు.

"ఏమే, ఈ గొట్టం యాలా ఊరికే కార్తా ఉండాది?" అని కూతుర్ని అడిగారు.

"అవి వేస్టు నీళ్లమ్మా. ఫిల్టర్ వదిలేస్తుంది."

"ఎన్ని వదిలేస్తాది?"

"ఒక బిందె మంచినీళ్లకు రెండు మూడు బిందెలు పోతాయి. అన్ని ఇళ్లలో అంతేలే."

ఆవిడ స్టవ్ కట్టేసి ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడిపోయారు. తర్వాత ఫ్రిజ్ వైపు తిరిగారు. అంటే నాక్కూడా తెలియాలన్నమాట. "పెండ్లయిన కొత్తల్లో రెండు బిందెల నీళ్ల కోసం ట్యాంకర్ కాడ జుట్లు పట్టుకున్యాం మేము. ఈడ చూస్తే బిందెలకి బిందెలు తూములోకి. ఈ సప్పుడు ఇనలేను నేను."

ఆ సాయంత్రమే సింకు పక్కన బకెట్ వెలిసింది. రెండో గొట్టం మూతి అందులోకి మారింది. ఆవిడ వేలు ముంచి నాలుక మీద వేసుకుని చూసి తీర్పు చెప్పారు. "ఉప్పగా ఉండాయి. తాగేదానికి, వండేదానికి పనికిరావు. గుడ్డలు ఉతికేదానికేమి? మా ఊర్లో ఉప్పు బాయి నీళ్లతోనే కదా అందురూ ఉతికేది."

ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. తప్పు కనిపించకపోవడం అటుంచి, తెగ నచ్చింది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఇన్నేళ్లుగా ఆ నీళ్లను తూములోకి వదిలేస్తూ గ్రూపులో పర్యావరణం మీద సందేశాలు పంపుతున్నవాణ్ణి. సిగ్గేసింది. ఆ ఆదివారం వెళ్లి ఇంకా పెద్ద బకెట్ కొనుక్కొచ్చాను. గొట్టం పొట్టిగా ఉందని ఇంకో ముక్క అతికాను. లిఫ్టులో కలిసిన పక్క ఫ్లాట్ అంకుల్‌తో, మా అత్తగారు ఒక్క చుక్క కూడా పోనివ్వరని గొప్పలు చెప్పుకున్నాను. జరిగిన నేరంలో నా వాటా ఎంతో మరిచిపోకుండా ఉండటానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ నీళ్లతో ఇల్లు తుడిచేవారు. అందులో ఏ ఇబ్బందీ లేదు, మేము ఇప్పటికీ తుడుస్తున్నాం. పాప గుడ్డలు మాత్రం వేడినీళ్లలో నానాలని ఆవిడ పట్టుదల. చలికాలం కనక ఆ బకెట్‌లోనే హీటర్ రాడ్డు దించేవారు. నెలన్నర తిరిగేసరికి రాడ్డు బొద్దుగా, తెల్లగా తయారైంది. ఒకరోజు పొద్దున ఆవిడ స్విచ్ వేయగానే చిటుక్కుమని ఇంట్లో కరెంటంతా పోయింది. "నేను స్విచ్ ఏస్తిని, అది పోయె" అన్నారు, ఆశ్చర్యంగా. పాతదైపోయిందిలే అనుకుని అవతల పారేశాం.

తర్వాత ఇస్త్రీ పెట్టె వంతు. అది ఆవిరి వదిలే రకం, కడుపులో నీళ్లు పోయాలి. పాప గుడ్డలు ఇస్త్రీ చేస్తే పురుగూ పుట్రా చేరదని ఆవిడ రోజూ చేసేవారు, నీళ్లు బకెట్‌లోంచే పోసేవారు. మార్చిలో నాకు ఆఫీసులో పెద్ద మీటింగు ఉన్నరోజున అది నా నీలం చొక్కా మీద తెల్లటి పొడి ఉమ్మింది. ఉమ్మి, ఊపిరి ఆపేసింది. నేను కంపెనీని తిట్టుకుంటూ వేరే చొక్కా వేసుకుని పరిగెత్తాను. అప్పటికింకా అత్తగారు నవ్వుతూనే ఉన్నారు. "నా చెయ్యి తగిల్తే సాలు, అన్నీ ఊపిరి ఇడుస్తాండాయి."

కూలర్ పోయినప్పుడు మాత్రం నవ్వలేదు. మే నెల ఎండలో, బయట గాలి పొయ్యిలోంచి వస్తున్నట్టున్న రోజుల్లో, కూలర్‌లో నీళ్లు తోడే మోటారు బిగుసుకుపోయింది. చుట్టూ ఉండే గడ్డి తడకలు అప్పడాల్లా పెళుసెక్కి, చేత్తో ముట్టుకుంటే తెల్లగా రాలుతున్నాయి. అందులోనూ రోజూ రెండు బకెట్లు పోసింది ఆవిడే. పాపకు ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. నేను ఫ్రిజ్‌తో, "పాతవి పాడవుతాయి. దానికి ఎవరూ కారణం కాదు" అన్నాను. ఫ్రిజ్ తరఫున జవాబు రాలేదు.

జూలైలో వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. నీళ్లు వేడి చేసుకుని ఉతికే మెషీన్ అది, పాప పుట్టినప్పుడు కొన్నది. కుళాయి నుంచి నీళ్లు నెమ్మదిగా వస్తాయని అత్తగారు మూత తెరిచి బకెట్‌తోనే పోసేసేవారు. ఆరోజు పాప గుడ్డలన్నీ కడుపులో పెట్టుకుని, బోర్డు మీద ఏదో అక్షరం మిణుకుమిణుకుమనిపిస్తూ మొరాయించింది. అత్తగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత గుడ్డలన్నీ పైకి తీసి, బాత్రూంలో చేత్తో ఉతికి ఆరేశారు.

అప్పటినుంచి ఆవిడ స్విచ్‌లు ముట్టుకోవడం మానేశారు. నేను చూశాను, చూసి తప్పుగా అర్థం చేసుకున్నాను. సాయంత్రం ఇంటికి వస్తే హాల్లో మసక చీకట్లో పాప పక్కన కూర్చుని ఉండేవారు, లైటు ఉండేది కాదు, ఫ్యాను ఉండేది కాదు. ఓహో, నీళ్ల పొదుపు అయిపోయింది, ఇక కరెంటు మీద పడ్డారనుకుని లోలోపల నవ్వుకున్నాను. ఫోన్‌కు చార్జింగ్ పెట్టాలన్నా కూతురొచ్చేదాకా ఆగేవారు. దాన్ని కూడా పెద్దతనం కింద జమకట్టాను. నాకున్న చదువుకు నా బుర్ర పనిచేసిన తీరు అది.

ఆ వారంలోనే పాప వీపు మీద, కాళ్ల మీద చర్మం గరుగ్గా ఎండిపోయి ఎర్రటి మచ్చలు లేచాయి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఈ నీళ్లకు ఇక్కడ చాలామంది పిల్లలకు ఇలాగే అవుతుంది, స్నానం చివర ఫిల్టర్ నీళ్లు పోయండి, తడి మీదే నూనె రాయండి అని చెప్పి పంపించాడు. నా భార్య ఇంటికొచ్చి ఆ మాటే తల్లికి చెప్పింది. ఆవిడ విని తల ఊపారు. మర్నాడు పొద్దున కూతురు పాపను తీసుకుని వెళితే, "నువ్వే పోయి. నాకు మోకాళ్లు పట్టేసినాయి" అన్నారు.

మర్నాడూ మోకాళ్లే. ఆ తర్వాత కూడా మోకాళ్లే. నా భార్య ఆఫీసు హడావుడిలో ప్లాస్టిక్ టబ్బులో పాపకు రెండు మగ్గులు పోసి, ఏడుస్తుండగానే ఒళ్లు తుడిచి, తల్లి పక్కన పడుకోబెట్టి పరిగెత్తేది. పాప నిద్రపోయేది కాదు. అత్తగారు ఎత్తుకునేవారు కాదు, పక్కనే కూర్చుని గిలక్కాయ ఊపేవారు. పాలు పట్టేటప్పుడు కూడా పాప తల కింద దిండు పెట్టేవారు. నాలుగు రోజులు గడిచాక కూతురితో, "చిన్నోని ఇంటికి పోయొస్తా. టికెట్ తియ్యమని చెప్పు" అన్నారు. చిన్నోడంటే హిందూపురంలో ఉండే నా బావమరిది.

"చూశారా" అంది నా భార్య, ఉక్రోషంగా. "మనవరాలికంటే మా అమ్మకి కొడుకే ఎక్కువ. మనమే పిచ్చివాళ్లం." అని మళ్లీ క్రెష్‌ల జాబితా తీసింది. తీస్తూ కళ్లు తుడుచుకుంది.

నేను టికెట్ తీశాను.

ఆ శనివారం మెషీన్ బాగు చేసే మెకానిక్ వచ్చాడు. నా భార్య బజారుకు వెళ్లింది, అత్తగారు లోపలి గదిలో పాప దగ్గరున్నారు. అతను వెనక పలక విప్పి, లోపల నీళ్లు వేడి చేసే రాడ్డును బయటకు లాగాడు. అది రాడ్డులా లేదు, తెల్లటి రాయిలా ఉంది. నీళ్లు బయటకు పోయే గొట్టంలోంచి సున్నం పెళ్లలు రాలాయి. ఏం నీళ్లు పోస్తారని అడిగాడు. నేను అప్పటికీ గర్వంగానే బకెట్ చూపించాను. అతను వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, సింకులో ఉమ్మేశాడు.

"సర్, యే తో ఖారే పానీ కా భీ నిచోడ్ హై" అన్నాడు. ఉప్పునీళ్లను పిండగా వచ్చిన సారమిది అని. నేల తుడుచుకోండి, టాయిలెట్‌లో పోసుకోండి, మెషీన్‌లో పోసేవాడెవడండీ అని అడిగాడు.

హీటర్ రాడ్డు, ఇస్త్రీ పెట్టె, కూలర్, ఇప్పుడిది, అన్నీ వరసగా కళ్లముందు నిలబడ్డాయి. అత్తగారి ఊళ్లో ఉప్పునీళ్లతో ఉతికిన మాట నిజమే. అక్కడ ఉతికేది బండ మీద, చేతులతో. బండకు, చేతులకు ఉప్పు ఏం చేస్తుంది? నీళ్లు మరిగించే రాడ్డు మీదైనా, గాలికి ఆరే తడకల మీదైనా అది రాయై కూర్చుంటుంది. ఈ చిన్న సంగతి ఆవిడకు తెలియకపోవచ్చు. నాకు తెలియాలి.

"మైఁ హీ డాల్తా థా" అన్నాను, నేనే పోసేవాణ్ణని. అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పఢే లిఖే హోకే భీ", చదువుకున్నవాళ్లయి ఉండి కూడానా అని గొణుక్కుంటూ రాడ్డు సంచిలో వేసుకున్నాడు. కొత్త పార్టు రావడానికి పది రోజులు పడుతుందన్నాడు.

సరే, సంగతి తెలిసింది. ఆవిడకు చెప్పాలి కదా. చెప్పలేదు. అల్లుడు అత్తగారి తప్పు ఎత్తి చూపిస్తే ఆవిడ మళ్లీ ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముడుతుందా? అందులోనూ ఆ బకెట్ ఆవిడ గొప్ప. ఢిల్లీ వచ్చి ఆవిడ సాధించిన మొదటి విజయం అది. ఎలాగూ ఊరెళ్తున్నారు, గౌరవంగా పంపించేద్దాం, ఈలోపు ఇంకేదీ పాడుకాకుండా నేను చూసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. నా కిటుకు చాలా గొప్పది. ఆవిడ స్విచ్‌లు ముట్టడం మానేశాక పొద్దునా సాయంత్రం ఫిల్టర్ వేసేది నేనే. పొద్దున ఆవిడ దేవుడి దగ్గర ఉన్నప్పుడు బకెట్‌లో నీళ్లు తీసుకెళ్లి టాయిలెట్‌లో పారబోసేవాణ్ణి. సాయంత్రం వచ్చాక ఆవిడ బాల్కనీలోకి వెళ్లినప్పుడు ఇంకోసారి. ఇలా తొమ్మిది రోజులు, ఎవరికీ తెలియకుండా, నా తెలివికి నేనే మెచ్చుకుంటూ.

తొమ్మిదో రోజు ఆదివారం. అత్తగారు ప్రయాణమయ్యేది ఆ గురువారం. మధ్యాహ్నం నా భార్య కూరగాయలకు కిందికి వెళ్లింది. నేను పాప దగ్గర పడుకుని ఉన్నాను, నిద్రపోతున్నాననుకుని ఆవిడ బాల్కనీలో గుడ్డలు ఆరేస్తూ ఊళ్లో ఉన్న చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం ఆవిడకు ఇష్టం ఉండదు, స్పీకర్ పెట్టి కిటికీలో ఉంచుతారు. అందుకే అన్నీ వినిపించాయి.

"లేదే, ఈసారి ఉండలేను. నేను చెయ్యి పెడితే సాలు, పోతాండాయి. నాలుగు సామాన్లు పోయినాయి నా చేతుల్లో. ఆఖరికి ఆ ఫిల్టర్ గూడా. దినామూ నిండే బకెట్టు, ఇప్పుడు చుక్క నిండదు. పొద్దున చూసినా కాళీనే, మాపున చూసినా కాళీనే."

చెల్లెలు ఏదో సర్దిచెప్పబోయింది. ఆవిడ ఆపేశారు.

"సామాన్లు పోతే పోయినాయి లేవే. పాప ఒళ్లు చూస్తివా నువ్వు? నేను నీళ్లు పోసిన ఒళ్లే గదా అది. డాక్టరు నీళ్లంటాడు, ఏదో ఒకటి అనల్ల గదా వాడు. ఆయప్ప పోయినాక మన వీధోళ్లు పిల్లోళ్లని నా కాడికి పంపేది మానుకోలేదా? వాళ్లకి తెలిసే మానుకున్యారు. నేనే అర్థం చేసుకోలేకపోతి. ఇంగ ఆ పసిదాన్ని తాకాలంటే భయమైతాంది నాకు."

ఆయప్ప అంటే మా మామగారు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. వీధిలో వాళ్లు పిల్లలను పంపడం మానేసిన సంగతి నాకు తెలియదు, నా భార్యకూ తెలియదని తర్వాత తెలిసింది. ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు.

నేను మంచం మీద అలాగే కళ్లు మూసుకుని పడుకున్నాను. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇస్త్రీ పెట్టె మీద, నీళ్ల మీద, సొసైటీ మీద ఇన్ని నెలలు చూపించిన కోపమంతా కలిపినా దానికి సాటిరాదు. ఖాళీ బకెట్ చూసి చూసి ఆ మనిషి తన చేతులను తనే అసహ్యించుకుంటుంటే, ఆ బకెట్‌ను రోజుకు రెండుసార్లు ఖాళీ చేసింది నేను.

ఆవిడ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చారు. నేను వెనకే వెళ్లి ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. నాకు వేరే దారి తెలియలేదు.

"ఈ ఇంట్లో ఒకరికి ఒక మాట చెప్పాలి" అన్నాను ఫ్రిజ్ తలుపు చూస్తూ. "తొమ్మిది రోజుల కిందటే చెప్పాల్సింది."

వెనక గిన్నెల చప్పుడు ఆగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. రెండో గొట్టంలో వచ్చేది ఎలాంటి నీళ్లో, అవి కాగితే ఏమవుతుందో, రాడ్డు మీద రాయి ఎలా కడుతుందో, మెకానిక్ ఏమన్నాడో అంతా చెప్పాను. బండ మీద ఉతికితే ఏమీ కాదని, మెషీన్‌కైతే పడదని చెప్పాను. పెద్ద బకెట్ కొన్నది నేనేనని, గొట్టం అతికింది నేనేనని చెప్పాను. "ఫిల్టర్ బాగానే ఉంది. బకెట్ నిండకపోవడం కాదు. నిండిన బకెట్‌ను రోజూ నేనే పారబోశాను, మీకు చెప్పలేక."

ఏడుస్తున్నారేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ కూడా ఫ్రిజ్‌నే అడిగారు.

"అంటే ఆ నీళ్లు పోసినందుకే పాడైనాయా?"

"అవును."

"ఇస్త్రీ పెట్టె?"

"అదీ అంతే."

"కూలరు గూడా?"

"కూలర్ కూడా."

తర్వాత గొంతు బాగా తగ్గించి, అసలు అడగదలచుకున్నది అడిగారు. "పాప ఒళ్లు?"

"అది కుళాయి నీళ్లు. డాక్టర్ చెప్పింది నిజమే. పక్క ఫ్లాట్‌లో పిల్లాడికీ ఉన్నాయి ఆ మచ్చలు, వాడికి మీరు నీళ్లు పోయలేదు కదా. బకెట్ నీళ్లు పాపకు మీరు ఒక్కనాడూ పోయలేదు."

"పోయలే" అన్నారు ఆవిడ. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "అయితే నీళ్లు. చెయ్యి గాదు" అన్నారు.

"చెయ్యి కాదు."

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ నేల మీద కూర్చుని ఉన్నారు, రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని. నేను భయపడినట్టు అవమానం ఏమీ లేదు ఆ ముఖంలో. ఆవిడ తలెత్తి, ఆరేళ్లలో మొదటిసారి, తిన్నగా నన్ను చూశారు. చూసి తిట్టారు.

"తొమ్మిది దినాలా? తెలిసి తొమ్మిది దినాలు నోరు మూసుకోనుంటివా?"

"మీ తప్పని చెప్పడానికి నోరు రాలేదు అత్తయ్యా."

"తప్పు చేసింటే దిద్దుకోవచ్చు నాయనా" అన్నారు ఆవిడ. "చెయ్యే చెడ్డదైతే యాడికి పోయి దిద్దుకోవాల?"

ఆవిడ లేచి కొంగు బిగించారు. ఫిల్టర్ తొట్టిలోంచి పెద్ద గిన్నెడు మంచినీళ్లు పట్టి పొయ్యి మీద పెట్టారు. ఆముదం సీసా, సున్నిపిండి డబ్బా పైనుంచి దించమన్నారు. నన్నే, నా ముఖం చూసి. నీళ్లు కాగాక బాత్రూంలో పీట వేసుకుని కూర్చుని, రెండు కాళ్లూ చాపుకున్నారు. మోకాళ్ల ఊసే లేదు.

నేను పాపను తెచ్చి ఆ కాళ్ల మీద పడుకోబెట్టాను. నూనె పట్టించడం, నలుగు పెట్టడం అంతా చకచకా జరిగిపోయింది. చెంబు నిండా నీళ్లు తీసుకున్నాక మాత్రం ఆవిడ ఆగారు. మోచేత్తో ఒకసారి వేడి చూశారు. మళ్లీ చూశారు. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ పాప వీపు మీద ఎర్రగా లేచిన చోట ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో నెమ్మదిగా పోశారు.

పాప గుక్కపట్టింది. కూరగాయల సంచితో లిఫ్టు దిగిన నా భార్య ఆ ఏడుపు విని కంగారుగా పరిగెత్తుకొచ్చింది. బాత్రూం గుమ్మంలోకి వచ్చి, తల్లిని, తల్లి కాళ్ల మీద పాపను చూసి, సంచి భుజానే ఉంచుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. గౌరవం అనుకుని నేను నోరు మూసుకున్న ఆ తొమ్మిది రోజులూ ఆవిడ ఈ ఒంటిని ముట్టుకోకుండా పక్కన కూర్చుని గిలక్కాయ ఊపారు. ఆ రోజులు నేను తిరిగి తెచ్చివ్వలేను, ఇప్పటికీ తలుచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

పాప ఏడుపు సన్నగిల్లి, వెక్కిళ్లయి, ఆగింది. అత్తగారు రెండో చెంబు ముంచుతూ తలెత్తకుండానే అన్నారు.

"ఆ టికెట్టు రద్దు చేయించు నాయనా. పాప ఒళ్లు మెత్తబడేదాకా నేను యాడికీ పోను."